బొంతను గోడకు తగిలిస్తరా?

మీ కాలంల అన్నీ ఉల్టానే, బిడ్డా. మా మనవరాలు పటేల్ మార్కెట్ కెంచి మీటర్లకు మీటర్లు కొత్త బట్ట తెచ్చింది. తెచ్చి, కత్తెర పట్టి ముక్కలు చేసింది. ఆ ముక్కలనే మల్ల అతుకుతదట! ఏందమ్మా ఇది అంటే, "ఫైబర్ ఆర్ట్, తాతా" అన్నది. మొఘల్‌పురాల ఇంత వయసొచ్చేదాక ఉన్న. మా అమ్మ బొంతలు కుట్టింది, పక్కింటి ఖాలా గోదడీలు కుట్టింది. పైసలిచ్చి కొన్న బట్టను చింపినోళ్లను మాత్రం ఇప్పుడే చూస్తున్న.

మా రోజుల్ల చీర ముందుగాల పండుగకు కట్టేది, తర్వాత ఇంట్ల కట్టేది, చినిగినంక సగం ఉయ్యాలకు, సగం బొంతకు. లోపల నాయిన పాత ధోతులు నాలుగైదు వరసలు, పైన ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర. గద్వాల చీర ఒళ్లంత జీర్ణమైనా అంచు గట్టిగుండేది. దాన్ని ఊడదీసి చుట్టూ వేసేది. ఇంక నలుగురు అమ్మలక్కలు దబ్బనాలు పట్టుకొని నాలుగు మూలల కూసునేటోళ్లు. అంచు కెంచి మొదలుపెట్టి, తిరుక్కుంట తిరుక్కుంట నడుమకు వచ్చేసరికి, హరిబౌలి అక్కన్న మాదన్న గుడి కెంచి షాలిబండ దాక ఎవరింట్ల ఏం గొడవో అంతా తేలిపోయేది. ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తది. ఫోన్ కప్పుకుంటే చలి ఆగుతదా?

చలి మొదలుకాంగనే దూదేకులాయన వచ్చేటోడు, భుజం మీద మనిషంత విల్లు పెట్టుకొని. నారి మీద కట్టెతో కొడితే ఠంయ్ ఠంయ్‌మని గల్లీ అంత మోగేది. పోయినేడాది రజాయిల గడ్డకట్టిన దూదే పొంగి పొంగి లేచేది, దాన్నే మల్ల నింపేటోడు. ఇప్పుడు మిషన్ల ఇట్ల వేసి అట్ల తీస్తరు. మిషన్ దూది బాగనే ఉంటది, కాదనను. మాకైతే ఆ విల్లుతో లేచిన దుమ్ముకు దగ్గు పట్టుకుంటే సంక్రాంతి దాక వదిలేది కాదు. అయినా ఆ దగ్గే వేరు.

పిల్ల ఊకోలే. ఫోన్ల అమెరికా బొంతలు చూపించింది. అలబామాల గీస్ బెండ్ అని ఒక పల్లె. పొలం పని చేసుకునే నల్లజాతి ఆడోళ్లు కుట్టిన బొంతలను 2002ల హ్యూస్టన్ మ్యూజియంల పెట్టిండ్రు, 2006ల తపాలా బిళ్లల మీద అచ్చేసిండ్రు. కండ్లద్దాలు పెట్టుకొని చూసిన. మోకాలి కాడ రంగు వెలిసిన పాంటు ముక్క, జేబు ఊడదీసిన చోట మాత్రం నీలం నీలంగనే ఉన్నది. మిస్సోరి పెట్‌వే అనే ఆమె 1942ల, పెనిమిటి పోయినంక, ఆయన పని బట్టలనే బొంత చేసుకున్నదట, కప్పుకోనీకి. విన్నవా? కప్పుకోనీకి! మేకుకు తగిలించనీకి కాదు. అంతదూరం ఎందుకు, కర్ణాటకల ఎల్లాపుర దిక్కు సిద్దీ ఆడోళ్లు కవందీలని బొంతలు కుడతరు. వాళ్లు గూడ అంచు కెంచే నడుమకు వస్తరు, మా అమ్మ లెక్కనే. నాలుగు మూలల పువ్వు ముక్కలు పెట్టకుంటే ఆ కవంది బట్టల్లేకుంట ఉన్నట్టేనంటరు. పద్ధతంటే అది.

మరి మీ పద్ధతో? పోలిస్టర్ చీర. దబ్బనం జారుతది, చెమట పీల్చది. ఉన్న నూలు చీరలేమో స్టీలు సామాన్లాయనకు వేసి గిన్నెలు తెచ్చుకుంటిరి. మా ఇంట్ల ఇడ్లీ గిన్నె అట్ల వచ్చిందే. ఇడ్లీలు మంచిగనే వస్తయ్, అది వేరే సంగతి. ఇంక కప్పుకోనీకి ఆ బ్లాంకెట్ ఒకటి, మీద ఇంత పెద్ద పులి. చీకట్ల ముడుచుకుంటే చిటపట నిప్పురవ్వలు లేస్తయ్. నడిరాత్రి లేచి పులి మొఖం చూసినంక నిద్రెట్ల పడతది?

ఇప్పుడు ఆ పిల్ల కన్ను మా అమ్మ బొంత మీద పడ్డది. ఎగ్జిబిషన్‌ల పెడతదట. ముందు ససేమిరా అన్న. రెండు రోజులు అన్నం కాడ మాట్లాడకపోయేసరికి ఎండకాలంల ఇస్తనని ఒప్పుకున్న. దసరా లోపల తెచ్చియ్యాలె. మేకులు కొట్టొద్దు. ఉతకనీకి మిషన్ల వేసినవా, ఇంట్లకు రానియ్య.