క్రయాధ్యాయం: కొత్త క్యాసెట్టు చూపించే శాస్త్రం

శార్ఙ్గదేవుడు పదమూడో శతాబ్దంలో సంగీతరత్నాకరాన్ని ఏడు అధ్యాయాలతో ముగించాడు. స్వరంతో మొదలెట్టి రాగం, ప్రబంధం, తాళం, వాద్యం మీదుగా నర్తనం దాకా వచ్చి ఘంటం దించేశాడు. పాట పుట్టుక చెప్పాడు, పాడేవాడి గుణదోషాలు చెప్పాడు. పాటని డబ్బిచ్చి కొన్నవాడు దాన్ని నలుగురికీ ఎలా చూపించాలో మాత్రం చెప్పలేదు. ఆయన నాటికి కాశీబుగ్గలో క్యాసెట్ల కొట్టు తెరవలేదు గనక క్షమిద్దాం. తెరిచాక పుట్టిన పండితులకి ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి లేకుండా పోయిన ఆ ఎనిమిదో అధ్యాయాన్ని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల ఆచారాన్ని ప్రమాణంగా తీసుకుని మేమే పూరిస్తున్నాం.

శాస్త్రమన్నాక దేశకాలాలు తేల్చాలి. దేశానికి దక్షిణాన నౌపడా ఉప్పు మడులు, ఉత్తరాన కవిటి కొబ్బరి తోటలు, పడమట మందస కొండలు, తూర్పున సముద్రం హద్దులు. నడుమ హౌరా–మద్రాసు రైలు మార్గం మీద పలాస స్టేషను, దిగగానే జీడిపిక్కలు కాల్చే వాసన. కాలం సంగతి: ఫిలిప్స్ కంపెనీవారు 1963లో బెర్లిన్ ఎగ్జిబిషన్లో క్యాసెట్టుని తొలిసారి పెట్టారు. కొత్త క్యాసెట్టుని పదిమందిలో పెట్టి చూపించడం అనే క్రియకి ఆద్యులు వారే అని ఒప్పుకోక తప్పదు. అది మన సామాన్యుడి చేతికి రావడానికి మరో ఇరవయ్యేళ్ళు పట్టింది. అంతకు ముందు కుక్క బొమ్మ రికార్డులుండేవి, కానీ అవి కలిగినవారింటి అద్దాల బీరువాలో ఉండే వస్తువులు, జేబులో పెట్టుకుని బస్సెక్కేవి కావు. 1983లో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ పెట్టాక క్యాసెట్టు ధర దిగడం మొదలైంది. జేబులో పట్టే వస్తువు, జేబుకి తట్టుకునే ధర, ఈ రెండూ కలిసిన నాటి నుంచే మన శాస్త్రానికి ఆయుష్షు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. "పాట కొనేది వినడానికి కదా, దానికింత గ్రంథమెందుకు?" అంటాడు. పైకి న్యాయంగానే కనిపించే ఈ వాదం ఉద్దానంలో ఒక్క పూట నిలవదు. ఎందుకంటే క్యాసెట్టు కొన్నవారిలో చాలామందికి టేపు రికార్డరు లేదు. అది దుబాయి వెళ్ళినవాడి ఇంట్లోనో, ఓడ పని చేసేవాడి ఇంట్లోనో, పెళ్ళిళ్ళకి మైకు సెట్టు అద్దెకిచ్చేవాడి దగ్గరో ఉండేది. యంత్రం లేకుండానే క్యాసెట్టు కొన్నాడంటే, వినడం అతని ప్రథమ ప్రయోజనం కాదని తేలిపోయింది. ఈ సత్యాన్ని పడమటి దేశాలు ఈమధ్యనే కనుక్కున్నాయి. అమెరికాలో ఎల్పీ రికార్డులకి మళ్ళీ గిరాకీ వచ్చి, 2020లో వాటి రాబడి సీడీలని దాటిపోయింది. తీరా 2023లో లూమినేట్ అనే సంస్థ లెక్క తీస్తే, ఏడాదిలో ఎల్పీలు కొన్నవారిలో ప్లేయరున్నవారు సగం మందే. దాన్ని వాళ్ళు విడ్డూరంగా చెప్పుకున్నారు. వజ్రపుకొత్తూరులో ఎవరినడిగినా ముప్పయ్యేళ్ళ కిందటే చెప్పేవారు.

మరి కొనడం దేనికి? సిద్ధాంతం ఇది: "ఏటి కొన్నావు?" అని అడిగించుకోవడానికి. ఆ ప్రశ్న పడేదాకా కొట్లో డబ్బు కట్టినా కొనుగోలు పూర్తయినట్టు కాదు.

అడిగించుకోవడంలోనే విద్య అంతా ఉంది. తనంతట తాను తీసి చూపించినవాడు అల్పుడు, వాణ్ణి శాస్త్రం లెక్కలోకి తీసుకోదు. ఉత్తముడు క్యాసెట్టుని చొక్కా జేబులో నిలువుగా పెడతాడు. పెట్టె అంచు వేలెడు పైకి కనిపిస్తుంది. ఎండాకాలం పల్చటి టెరికాటన్ చొక్కా వేసుకుంటే అట్టమీది హీరో మొహం గుడ్డలోంచి కూడా తెలుస్తుంది. ఆ కాలపు దర్జీలు ఈ శాస్త్రానికి చేసిన సేవ ఎవరూ గుర్తించలేదు. సంచీలో పెట్టుకోవడం మధ్యమం. కూరల అడుగున పెట్టి, ఇంటికెళ్ళాక తియ్యడం ఆత్మహత్యాసదృశం.

అడిగాక కూడా తొందర పడకూడదు. ప్రశ్న ముమ్మారు పడాలి. కాశీబుగ్గ నుంచి బయల్దేరిన బస్సులో జరిగే శుద్ధమైన ప్రయోగం ఇలా ఉంటుంది:

"ఏటి బావా, జేబులో?"

"ఏటీ లేదు. ఊరికే."

"ఊరికేనేటి? పెట్టి కనిపిస్తంటేనూ."

"ఇళయరాజాది."

"ఏ సినిమావి? ఏదీ, సూద్దుం ఓపాలి."

మొదటి ప్రశ్నకి నిరాకరణ. రెండోదానికి సంగీత దర్శకుడి పేరు, సినిమా పేరు కాదు. సినిమా పేరు ముందే చెప్పేస్తే మూడో ప్రశ్నకి చోటుండదు. మూడోదానికి వస్తువే చేతికివ్వాలి, ఇస్తూ కిటికీలోంచి బయటికి చూడాలి. 1990లో జగదేకవీరుడు అతిలోకసుందరి వచ్చినప్పుడు ఈ క్రమం ఎలా తప్పలేదో, 1994లో ప్రేమికుడు వచ్చినప్పుడూ అలాగే తప్పలేదు. నడుమ, 1992లో రోజాతో రెహమాన్ దిగగానే, రెండో జవాబు చెప్పడంలో కొంత గందరగోళం రేగిన మాట నిజం. "కొత్త కుర్రాడెవడోలే" అన్నవారికి మూడో ప్రశ్న పడలేదు. పేరు స్పష్టంగా పలికినవారికి పడింది.

ఎదుటివాడు అసలు అడక్కపోతే? చూసి, గుర్తుపట్టి, కావాలనే వాన గురించి మాట్లాడేవారుంటారు. ఈ రోగానికి ఈర్ష్యామౌనమని పేరు పెట్టాం. మందు ఒక్కటే. ఊరి కిరాణా కొట్టు ముందు నలుగురూ ఉన్న వేళ చూసి, కాస్త గొంతు పెంచి, "నాలుగు పెద్ద బేటరీలియ్యు సిన్నాన్నా" అనాలి. టార్చిలైటుకి రెండు చాలు, మూడైనా చాలు. నాలుగంటే టేపు రికార్డరే. కొట్టువాడే అడుగుతాడు. కొట్టువాడు అడిగితే ఊరంతా అడిగినట్టే.

కొన్న చోటుని బట్టి కూడా క్యాసెట్టు కులగోత్రాలు మారతాయి. కాశీబుగ్గలో కొన్నదానికీ టెక్కలిలో కొన్నదానికీ ఏది గొప్పన్న వివాదంలోకి మేము దిగం, మాకు రెండు చోట్లా చుట్టాలున్నారు. శ్రీకాకుళంలో కొన్నదైతే ఒక మెట్టు, విశాఖపట్నంలో కొన్నదైతే రెండు మెట్లు పైన. అదే సినిమా, అవే పాటలు, అదే కంపెనీ అయినా సరే. ఇచ్ఛాపురం, కవిటి వైపువారికి బరంపురం దగ్గర. అక్కడ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నా, ఒడియా లేబులు అంటించిన క్యాసెట్టు ఒక్కటి తెస్తే దాని స్థాయి చెప్పడం మహామహులకే చేతకాలేదు. భాష రానివారు చదవలేక గౌరవించారు, వచ్చినవారు చదివి ఊరుకున్నారు.

అన్నింటికీ పైన దుబాయి నుంచి వచ్చిన టీడీకే ఖాళీ క్యాసెట్టు. పైన మెరిసే కాగితం కూడా విప్పని సరుకు. దాన్ని విప్పితే తక్కిన క్యాసెట్లతో సమానమైపోతుందని ఏళ్ళ తరబడి విప్పనివారున్నారు. పాటే లేని క్యాసెట్టు పెద్దపీట ఎక్కడం చూశాక కూడా, పూర్వపక్షి వినడమే ప్రయోజనమంటే అతనితో మాకిక మాటల్లేవు.

విప్పినవారు దాన్ని రికార్డింగ్ సెంటరుకి తీసుకెళ్ళేవారు. కాగితం మీద పాటల జాబితా రాసిచ్చి రెండ్రోజులాగితే నింపి ఇచ్చేవారు. ఈ జాబితా రాయడం స్వతంత్ర శాస్త్రం, ఇక్కడ విస్తరించం. ఒక్క లక్షణమే చెబుతాం: అరవై నిమిషాల క్యాసెట్టులో పక్కకి ముప్పై నిమిషాలే గనక, ఆరో పాటో ఏడో పాటో రెండో చరణంలో తెగిపోవడం ధర్మం. ఆ క్యాసెట్టుతో పెరిగినవాడు పెళ్ళి మైకులో అదే పాట పూర్తిగా విన్నప్పుడు, తెగవలసిన చోట తెగనందుకు ఉలిక్కిపడతాడు.

లోపలి రీలు సంగతీ తెలిసి ఉండాలి. సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడిచే టేపు ముప్పై నిమిషాలకి సుమారు 86 మీటర్లవుతుంది. విప్పి కొలిస్తే నాలుగు నిలువెత్తు కొబ్బరి చెట్లంత. తొంభై నిమిషాలదాంట్లో పొడవు ఇంకా ఎక్కువ, మందం తక్కువ, అందుకే చిక్కుపడ్డం సులువు. ఉప్పుగాలి ఊళ్ళలో రీలుకి బూజు పట్టేది, లోపల రేకు తుప్పు పట్టేది. ఐదు మరలు బిగించిన క్యాసెట్టుని విప్పి, తెగిన చోట అతికి, మళ్ళీ బిగించవచ్చు. మరల్లేకుండా అతికించేసినదాన్ని పగలగొట్టడమే. కాబట్టి అనుభవజ్ఞుడు చేతికిచ్చిన క్యాసెట్టు అట్ట చూడడు, వెనక్కి తిప్పి మరలు లెక్కపెడతాడు. అలా లెక్కపెట్టే చుట్టం దొరికినవాడి కొనుగోలు ధన్యం.

చూసినవాడు అడుగుతాడు: "ఓపాలి ఇత్తావా, రేపిచ్చెత్తాను." ఇవ్వను అంటే ఇంతసేపు అడిగించుకున్నదంతా వృథా. ఇవ్వాలి. అది మందస వెళ్తుంది, అక్కడి నుంచి సోంపేట, సోంపేట నుంచి బారువ. రేపు అన్న మాటకి ఉద్దానంలో పంచాంగంతో సంబంధం లేదు. ఇక్కడ మా పరిశోధనలో తేలిన ముఖ్యాంశం: తెలిసిన యజమాని క్యాసెట్టునే ఇస్తాడు, పెట్టె ఇవ్వడు. ఖాళీ పెట్టె గూట్లో నిలబడే ఉంటుంది, వెన్ను మీద సినిమా పేరు కనిపిస్తూ. పాట బారువలో, పేరు ఇంట్లో. వచ్చిన చుట్టం అడుగుతూనే ఉంటాడు, ఇతను చెబుతూనే ఉంటాడు.

ఇంకో ఆక్షేపణ ఉంది, ఇది కాస్త గట్టిది. తప్పెటగుళ్ళు ఆడిన నేల ఇది. 1960లలో బొడ్డపాడు నుంచి సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథ చెబుతుంటే జనం నిలబడి విన్న నేల. అలాంటి చోట పాటని డబ్బిచ్చి కొనడమేమిటి, కొన్నానని చెప్పుకోవడమేమిటి? దీనికి మేము ఎదురు చెప్పం. ఆ పాటకి అట్ట లేదు, వెన్ను మీద పేరు లేదు, పాడినవాడు ఎదురుగా ఉండేవాడు గనక ఏటి కొన్నావని అడిగే పనే లేదు. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం చెవులు రిక్కించినవారి దగ్గరా చూపించడానికేమీ ఉండేది కాదు. వారంతా ఈ శాస్త్రానికి బయటివారు. వారి పట్ల మాకు భక్తే తప్ప అధికారం లేదు.

పతనం గురించి క్లుప్తంగా. ఎంపీత్రీ సీడీ వచ్చింది, ఒక్క డిస్కులో నూరు పాటలు. "ఏటి కొన్నావు?" అంటే "అన్నీ" అని జవాబు. రెండో ప్రశ్న పుట్టలేదు. తరవాత మెమరీ కార్డు, గోరంత. సెల్లు రిపేరు కొట్లో పాటలు ఎక్కించుకుని ఫోన్లో దూర్చేస్తే కార్డే కనిపించదు, జేబు అంచు మాట దేవుడెరుగు. విచిత్రమేమంటే 2020 మార్చి 6న ఏకంగా పలాస పేరుతోనే సినిమా వచ్చింది, పలాస 1978. రఘు కుంచె సంగీతం, ఉత్తరాంధ్ర జానపదాల వరసలు, నక్కిలీసు గొలుసు పాట ఊరూవాడా మోగింది. జీవితకాలంలో ఒక్కసారి జేబులో పెట్టుకుని కాంప్లెక్సు బస్సెక్కవలసిన క్యాసెట్టు అది. తీరా చూస్తే క్యాసెట్లే లేవు. అందరి ఫోన్లోనూ ఉంది, కాబట్టి ఎవరూ ఎవరినీ అడగలేదు.

అయితే విద్య పూర్తిగా నశించలేదు. కాలర్ ట్యూను అని ఒక శాఖ మిగిలింది. మొదట్లో నెలకింతని బ్యాలెన్సులో కోసుకునేవారు. మా దృష్టిలో ఈ శాస్త్రం అందుకున్న పరాకాష్ఠ ఇదే: కొన్నవాడికి ఆ పాట ఎన్నడూ వినపడదు, ఫోను చేసినవాడికే వినపడుతుంది. ఇందులో నిష్ణాతుడు టెక్కలి దగ్గర మాకు మేనబావ వరస. ఎన్నిసార్లు చేసినా ఫోను చివరిదాకా మోగాల్సిందే.

"సెయ్యి ఖాళీ లేదేటి బావా, ఎత్తవు?"

"ఖాళీయే. చరణం అవనీ అని ఊరుకున్నాను. ఏ పాటో పోల్చుకున్నావేటి?"