చెప్పుల కాపలాదారు

బీచ్‌కి వెళ్లే ప్రతి కుటుంబంలోనూ ఒక కాపలాదారు ఉంటాడు. నీళ్లలో దిగినవాళ్ల చెప్పులు, కళ్లజోళ్లు, ఫోన్లు, తువ్వాళ్లు, సగం కొరికిన మొక్కజొన్న పొత్తులు ముందేసుకుని ఇసుకలో బాసింపట్టు వేసుక్కూర్చుంటాడు. చాలావరకు ఆ ప్రయాణానికి డబ్బులు పెట్టింది కూడా ఆయనే అయి ఉంటుంది.

మొన్న మే నెలలో విశాఖపట్నం వెళ్లినప్పుడు ఆ పదవి నాకు దక్కుతుందనుకోలేదు. నేను వెళ్లింది నిర్వాహకుడి హోదాలో. హైదరాబాద్‌లో ఉండగానే ఎక్సెల్ షీటు తెరిచి పదకొండు కార్యక్రమాలు రాసుకున్నాను. ఇసుక కోటల పోటీ ఇరవై నిమిషాలు. గవ్వలు ఏరుట పదిహేను నిమిషాలు, సైజుల వారీగా విడదీయుటతో సహా. మా ఆవిడ షీటంతా చదివి, "కాఫీకి టైమివ్వలేదేంటండీ? వెళ్తున్నది ఆడిట్‌కా?" అంది.

మొదటి సాయంత్రం, మొదటి అంశం: ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో పదవీ విరమణ చేసి, 2002 నుంచి ఇసుక మీద కూర్చుని సముద్రాన్ని చూస్తూ కాలక్షేపం చేస్తోంది. రిటైరైనవాళ్లు ఎలా బతకాలో దాన్ని చూసి నేర్చుకోవాలి. 91 మీటర్ల పొడవు. టార్పెడోలు చూసి మావాడు నోరు తెరుస్తాడనుకున్నాను. వాడికి ఆరేళ్లు. లోపలికి రాగానే, "నాన్నా, కిటికీ ఏదీ?" అన్నాడు. లేదన్నాను. అంతే, వాడి ఉత్సాహం నీరుగారిపోయింది. కిటికీ సీటు లేని బండిని వాడు బండిగా గుర్తించడు.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతల్లోంచి దూరి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులంటూ ఇంట్లో మూడు మెట్లు ఎక్కని మా అమ్మ ఉడతలా దూరేసింది. నేను రెండో కంత దగ్గరే నుదురు బొప్పి కట్టించుకున్నాను. మా ఆవిడ మాత్రం వంటగది ముందు ఆగిపోయింది. మా బట్టల బీరువా అంత చోటు. డెబ్బైమందికి పైగా సిబ్బందికి వంట అందులోనే. "చూశారా? మీరు నలుగురికి టీ పెడితే గట్టంతా గోదారి" అంది. శత్రువుల కోసం తయారుచేసిన జలాంతర్గామి చివరికి నా మీద పేలింది.

రోడ్డుకి అవతల టీయూ-142 విమానం కూడా చూపించాలనుకున్నాను. మధ్యలో మురీ మిక్చర్ బండి అడ్డొచ్చింది. బండివాడు డబ్బాలో మురీలు, ఉల్లిపాయ, టమాటా ముక్కలు, వేరుశనగ గుళ్లు వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో టకటకలాడించి పొట్లం కట్టాడు. చెంచాగా ఓ అట్టముక్క గుచ్చి ఇచ్చాడు. పొట్లంలో పై వరస సముద్రపు గాలికి, మధ్య వరస పిల్లలకి, అడుగున మిగిలిన పచ్చిమిరపకాయ నాకు. విమానం అక్కడే ఉంది, మరోసారి చూడొచ్చు.

మర్నాడు పొద్దున్న ఆరింటికల్లా బీచ్‌లో ఉన్నాం. నేను షీటు తీసేలోపే మా అమ్మాయి పీతల వెంట పడింది. పీత అడ్డంగా పరుగెడుతుంది, ఇది నిలువుగా పరుగెడుతుంది. ఇద్దరూ కలుసుకునే అవకాశమే లేదు, కానీ ఇద్దరికీ ఆయాసం. మావాడు ఇసుకలో గొయ్యి తవ్వి, కాగితం టీ కప్పుతో సముద్రాన్ని అందులోకి మార్చే పనిలో పడ్డాడు. పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోతున్నాయి. వాడు కప్పు మార్చలేదు, గొయ్యి మార్చలేదు. పోలవరం కంటే ముందే పూర్తిచేయాలన్న పట్టుదల. ఇరవై నిమిషాల పోటీ ఉందిరా అంటే నాకేసి జాలిగా చూశాడు. నిర్వాహకుడి పని పోయి, నాకు చెప్పుల కాపలా మిగిలింది.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఈ తీరం కంటికి ఎంత అందమో కాలికి అంత మోసం. రెండడుగులు వేస్తే లోతు. వెనక్కి పోయే కెరటం పాదాల కింద ఇసుకని కూడా లాక్కుపోతుంది. అందుకే మా అమ్మ అంది: "ఒరేయ్, వాడు నీ చెయ్యి పట్టుకోవడం కాదు, నువ్వు వాడి మణికట్టు పట్టుకో. మోకాలు దాటి పోనివ్వకు. సముద్రానికి వీపు పెట్టకు." నా పదకొండు అంశాల్లో లేనిదీ, అసలు ఉండాల్సిందీ అదొక్కటే.

తర్వాత అమ్మ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని, తడి ఇసుకలో కూర్చుని, కుడి పాదం మీద ఇసుక కప్పింది. రెండు చేతులతో తప్... తప్... అని మెల్లిగా తట్టింది. కొంచెం తడి చేసి మళ్లీ తట్టింది. ఊపిరి బిగబట్టి పాదాన్ని వెనక్కి లాగింది. పిచ్చుకగూడు నిలబడింది. గుమ్మం, గుమ్మం మీద వేళ్ల అచ్చులు. పీతని వదిలేసి అమ్మాయి వచ్చింది, ప్రాజెక్టు ఆపి వాడొచ్చాడు. "నానమ్మా, నాకూ!" అన్నారు. పది నిమిషాల్లో మా కుటుంబం ఓ కాలనీ కట్టేసింది. పైసా ఖర్చు లేదు, ఎక్సెల్ లేదు.

నాకూ కాలు ఆగలేదు. కాపలా వదిలేసి వెళ్లి కూర్చున్నాను. నాది తొమ్మిదో నంబరు పాదం, కాబట్టి కాలనీలో అపార్ట్‌మెంట్ నాదే. మొదటిసారి కూలింది. రెండోసారీ కూలింది. మూడోసారి నిలబడింది. ఎవరైనా చూశారా అని తలెత్తాను. చూసింది సముద్రమే.

ఆరింటికి పొడిగా ఉన్న ఇసుక తొమ్మిదింటికీ పొడిగా ఉండాలని రూలేమీ లేదు. ఆటు నుంచి పోటుకి ఆరు గంటల పైచిలుకు పడుతుంది, అందులో సగం నేను పిచ్చుకగూటికే ఖర్చుపెట్టాను. ఓ పెద్ద కెరటం కాలనీని దాటి వచ్చి చెప్పుల మీద పడింది. పరుగెత్తి ముందు ఫోన్లు, తర్వాత అమ్మవి, మా ఆవిడవి, పిల్లలవి దక్కించుకున్నాను. నావి తీయబోయేసరికి ఒకటే మిగిలింది. కాపలాదారు చెప్పే పోయింది!

పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే, "ఈ కాలంలో నీరు ఉత్తరానికి లాగతాది బాబూ. భీమిలిలో సూసుకో" అన్నాడు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక పిల్లల్నీ కూర్చోబెట్టి తనూ కూర్చుంది.

కాబట్టి పాఠకులకు మనవి. పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లండి. జాబితా వద్దు, ఓ పాత టీ కప్పు, ఓ నానమ్మ చాలు. మణికట్టు వదలకండి. రుషికొండ, భీమిలి మధ్య ఎక్కడైనా గోధుమరంగు ఎడమకాలి చెప్పు, తొమ్మిదో నంబరు, ఒడ్డుకి కొట్టుకొస్తే దయచేసి పక్కన పెట్టండి. కుడిది నా దగ్గర భద్రంగా ఉంది.