బుడుతడి బీఎమ్ఎక్స్ పద్యము: టీకా తాత్పర్య సహితము

ఆ. గేటు ముందు నిలిచి కిందికి చూడంగ
కొండ వోలె తోచె గుట్ట యొకటి
నాన్న చేయి వదలి నాల్గేండ్ల బుడుతడు
పడెను, లేచె, నవ్వె, బైకు విడక.

అవతారిక: కాలిఫోర్నియాలో ఒక శనివారం ఉదయం మొదటిసారి బీఎమ్ఎక్స్ రేసుకు (మట్టి ట్రాకు మీద పొట్టి సైకిళ్ళ పందేనికి) దిగిన తెలుగువారి పిల్లవాణ్ణి గురించి, కంచె అవతల నిలబడి ఎవరో చెప్పిన ఆటవెలది ఇది. కవి పేరు తెలియదు. విజిటర్ వీసా మీద వచ్చిన తాతగారని ఊహ.

ప్రతిపదార్థం: గేటు ముందు = మట్టిదిబ్బ నెత్తిన, ఎనిమిది మంది దాకా ముందుచక్రం ఆనించి నిలబడే పలక ఎదుట; గుట్ట = ట్రాకులో ఎగరడానికి పోసిన మట్టి; బైకు = గేర్లు లేని పొట్టి సైకిలు (పెద్దవాళ్ళ రేసు సైకిలుకే చక్రం ఇరవై అంగుళాలు, వీడిది అంతకన్నా చిన్నది); విడక = విడువక. మిగిలినవి సుగమములు.

తాత్పర్యం: పిల్లవాడు పడ్డాడు, లేచాడు. తక్కినదంతా పెద్దల గొడవ. ఆ గొడవ కోసమే ఈ వ్యాఖ్య.

గేటు. ఆ పలక ఎప్పుడు వాలుతుందో ఎవరికీ తెలియదు. ‘రైడర్స్ రెడీ, వాచ్ ద గేట్’ అన్న రికార్డు గొంతు ఆగాక 0.1 నుంచి 2.7 సెకన్ల మధ్య ఎంతసేపైనా జాప్యం ఉండవచ్చు. ఆ మీదటే దీపాలు, బీపులు, పలక వాలడం. లెక్క కట్టి ముందే దూకేవాణ్ణి ఆపడానికి ఈ ఏర్పాటు. 2008లో బీజింగ్‌లో ఈ ఆట తొలిసారి ఒలింపిక్స్‌కు ఎక్కినప్పుడు స్వర్ణం గెలిచిన లాత్వియా వీరుడు మారిస్ స్ట్రోంబెర్గ్స్ ఆ ఎదురుచూపులో ఏం చేశాడో గాని, మన బుడుతడు మాత్రం పలక అంచున పోతున్న చీమను చూశాడు. ‘కిందికి చూడంగ’ అన్నది అందుకే. కోచ్‌ల మతంలో ఇది దోషం: చూపు చక్రం మీద కాదు, ముందున్న దారి మీద ఉండాలి. అయితే యతి కోసమే కవి పిల్లవాడి తల వంచాడనడం అన్యాయం. చీమ నిజంగానే ఉంది.

కొండ వోలె. ‘వోలె’ కనబడగానే ఉపమాలంకారమని రాసుకోవడం మనకు అలవాటు. తొందరపడకూడదు. ఒలింపిక్ స్థాయి ట్రాకుల్లో మొదలుదిబ్బే ఎనిమిది మీటర్ల ఎత్తు ఉంటుంది. ఊళ్ళోవి అంతకన్నా బాగా తక్కువ. కానీ కొలత ఎవరి కంటితో? మీటరు పొడవైనా ఎదగని మనిషికి నడుమెత్తు మట్టి కొండే. కనుక ఇది స్వభావోక్తి.

నాన్న చేయి వదలి. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఇంత చిన్నవాళ్ళు పలక మీద రెండు కాళ్ళూ పెడల్స్‌పై పెట్టి నిలవలేరు; వెనక నుంచి ఎవరో సీటు పట్టుకుంటారు. మరి వదిలింది ఎవరు? ‘వదలి’ క్త్వార్థకం గనుక కర్త బుడుతడే అని వైయాకరణులు. పట్టుకున్నది నాన్న గనుక వదిలిందీ ఆయనే అని లౌకికులు. ఈ వ్యాఖ్యాత వ్యాకరణం పక్షం. పలక వాలింది, సైకిలు వెళ్ళింది, నాన్నగారి చేయి మాత్రం సీటు పట్టుకున్న భంగిమలోనే గాలిలో మిగిలింది.

పెద్దల చేయి వదిలి పిల్లలు తమంతట సాగడం ఈ ఆటలో కొత్తా కాదు. 1970 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మోటార్‌సైకిళ్ళ మోటోక్రాస్ చూసి, ష్విన్ స్టింగ్-రే సైకిళ్ళతో ఖాళీ స్థలాల్లో దుమ్ము రేపారు. లాంగ్ బీచ్‌లో వాళ్ళకు పందేలు పెట్టిన స్కాట్ బ్రైటాప్ట్‌కు అప్పటికి పదమూడేళ్ళు! గేటూ, నంబరు ప్లేటూ, కంచె దగ్గర కుర్చీలూ, కుర్చీల్లో మనమూ, అంతా తరువాతి ప్రక్షిప్తం.

పాఠభేదం. ‘నవ్వె’ అన్నచోట అమ్మమ్మగారి ప్రతిలో ‘ఏడ్చె’ అని ఉంది. గణం చెడదు కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పలేదు. ప్రత్యక్ష ప్రమాణం చూద్దామా అంటే వీడికి తొడిగింది గడ్డం దాకా మొహం కప్పే హెల్మెట్. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, గ్లవ్స్ సరేసరి. కంచె దగ్గర నుంచి కనబడేది రెండు కళ్ళు, అవీ దుమ్ములో. కాబట్టి కవీ చూడలేదు, అమ్మమ్మా చూడలేదు. ఎవరి గుండెలో ఉన్నది వారు చదివారు. ముద్రణలో ‘నవ్వె’ ఉంచాం. కాఫీ ఇచ్చేది అమ్మమ్మగారే కాబట్టి ‘ఏడ్చె’ను కూడా సాధుపాఠంగానే అంగీకరించాం.

గ్రంథపాతం. రెండో మోటో (రెండో విడత పందెం) మీద మరో పద్యం ఉండాలి, ఎందుకంటే ఇక్కడ ఒకే పూట అదే జట్టు పిల్లల్ని పలుమార్లు పరిగెత్తిస్తారు. అమ్మ ఫోన్ ఛార్జింగ్ అయిపోవడంతో ఆ భాగం లభ్యం కాలేదు.

ఫలశ్రుతి. ఎన్నోవాడుగా వచ్చాడన్న విషయంలో కవి మౌనం. విచారించగా, ఆ వయసు తరగతిలో గేటెక్కింది ముగ్గురే, మనవాడు వచ్చింది మూడోవాడుగా. ‘అమెరికాలో థర్డ్ ప్రైజు’ అని ఆ రాత్రే తెనాలికి ఫోన్లో వెళ్ళిన వార్తికం అమ్మమ్మగారిది. అందులో అబద్ధమని కొట్టేయదగిన ముక్క ఒక్కటీ దొరకలేదు.