అటోర్వాస్టాటిన్ మాత్ర కథ

ఈ మాత్ర తెల్లని పూత పూసిన 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్. రక్తంలోని కొలెస్టరాల్‌ను తగ్గించే స్టాటిన్ల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబానికి ఆద్యమైన పదార్థం కాంపాక్టిన్. టోక్యోలో అకిరా ఎండో అనే జీవరసాయన శాస్త్రవేత్త 6,000కు పైగా శిలీంధ్రాలను పరీక్షించి, పెనిసిలియం సిట్రినమ్ అనే బూజు నుంచి 1973లో దానిని వేరుచేశాడు. కాంపాక్టిన్ మందుగా అమ్మకానికి రాలేదు గాని, మరో బూజులో దొరికిన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించింది. అటోర్వాస్టాటిన్ అణువును మాత్రం బూజుతో పని లేకుండా బ్రూస్ రోత్ 1985లో ప్రయోగశాలలోనే నిర్మించాడు.

ఈ మాత్రకు అసలు కార్యస్థానం కాలేయం. అక్కడి కణాలు కొలెస్టరాల్ తయారుచేసుకోవడానికి హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము, అంటే రసాయన చర్యను వేగవంతం చేసే ప్రోటీను, అవసరం. దానిని ఈ మాత్ర అడ్డుకోగానే తయారీ తగ్గి, కణం తన కొరత తీర్చుకోవడానికి ఉపరితలంపై గ్రాహకాలను పెంచుకుని, చెడు కొలెస్టరాల్‌గా వ్యవహారంలో ఉన్న ఎల్‌డీఎల్‌ను రక్తం నుంచి లోపలికి లాక్కుంటుంది. ఈ పని ప్రాణాలు నిలుపుతుందని 1994లో స్కాండినేవియా దేశాల అధ్యయనం రుజువు చేసింది: 4,444 మంది హృద్రోగులలో, ఇదే కుటుంబానికి చెందిన సిమ్వాస్టాటిన్ వాడినవారి మరణాలు 30 శాతం తగ్గాయి.

అయితే ఇంత పని జరుగుతున్నా మనిషికి ఏమీ తెలియదు. నొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గినట్టు తెలుస్తుంది. ఈ మాత్ర వేసుకున్నా, మానేసినా, ఆ రోజుకు ఒంట్లో ఏ తేడా ఉండదు. అందుకే రక్తపరీక్షలో అంకెలు బాగుండగానే జబ్బు నయమైపోయిందనుకుని ఎందరో మాత్రను సొంతంగా ఆపేస్తారు. ఆ బాగున్న అంకెలు మాత్ర పనిచేస్తున్నదనడానికి నిదర్శనమే గాని ఇక దాని అవసరం లేదనడానికి కాదు, ఆపిన కొద్ది వారాలలోనే ఎల్‌డీఎల్ తిరిగి పాత స్థాయికి చేరుతుంది. అంకె తగ్గలేదని మోతాదును సొంతంగా రెట్టింపు చేయడమూ తగదు, ఎందుకంటే రెట్టింపు మోతాదు వల్ల ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే, దుష్ఫలితాల అవకాశం మాత్రం పెరుగుతుంది. సిమ్వాస్టాటిన్‌ను రాత్రిపూటే వేసుకోవాలి. శరీరంలో ఎక్కువసేపు నిలిచే అటోర్వాస్టాటిన్‌ను ఏ వేళనైనా, రోజూ ఒకే వేళకు వేసుకుంటే చాలు. ఒక పూట మరచిపోతే మరునాడు రెండు కలిపి మింగకూడదు.

ఈ మాత్రకు ప్రమాదం తరచూ తోడు చేరిన మందుల వల్లే వస్తుంది. తామర తగ్గడానికి వారాల తరబడి వాడే ఇట్రాకొనజోల్, గొంతు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకు ఇచ్చే క్లారిత్రోమైసిన్, అటోర్వాస్టాటిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును నిలువరించి, రక్తంలో దాని పరిమాణాన్ని బాగా పెంచుతాయి. గ్రేప్‌ఫ్రూట్ రసం ఎక్కువగా తాగినా అదే జరుగుతుంది. చర్మవ్యాధి వైద్యుడికి గుండె మందుల సంగతి చెప్పవలసిన అవసరమేమిటని రోగి అనుకోవడం సహజమే గాని, చెప్పి తీరవలసింది సరిగ్గా అక్కడే. ఇదే కుటుంబంలోని సెరివాస్టాటిన్, ముఖ్యంగా జెమ్‌ఫైబ్రోజిల్ అనే మందుతో కలిసినప్పుడు కండరాలను ప్రాణాంతకంగా దెబ్బతీస్తున్నదని తేలడంతో 2001లో మార్కెట్ నుంచి వైదొలగింది.

మందుల షాపులో స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి నాలుగైదు మాత్రలు ఇచ్చినప్పుడు, మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే మిగిలిపోతుంది. రోగి చేతికి వచ్చేది పేరులేని వెండిరంగు రేకు. ఇద్దరు వైద్యులు రెండు వేర్వేరు బ్రాండ్లు రాస్తే, లేదా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిపిన క్యాప్స్యూల్‌లో ఇదే మందు దాగి ఉంటే, ఒకే మందును రెండు పేర్లతో వేసుకునే ముప్పు ఇలాంటి రేకులతో మరింత పెరుగుతుంది. బ్రాండు పేరు కింద సన్నని అక్షరాలలో ఉండే అసలు పేరును చదివించుకోవడం రోగి హక్కు.

గర్భిణులు, గర్భం ధరించదలచినవారు ఆ సంగతిని వైద్యుడికి ముందుగానే చెప్పాలి. సాధారణంగా ఆ కాలంలో ఈ మందును ఆపుతారు. మందు మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష అవసరం.

ఈ మాత్రపై అందరికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు కండరాల నొప్పి. దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందులేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ ఇవ్వకుండా బ్రిటన్‌లో జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, స్టాటిన్‌తో కలిగిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కలిగింది. ఆ బాధ నిజమైనదే, దాని కారణం మాత్రం చాలాసార్లు మందు పట్ల భయమే. అయినా ప్రతి నొప్పినీ భయంగా కొట్టిపారేయడం అన్యాయం: అరుదుగా కండర కణాలు పగిలి, వాటి ద్రవ్యం మూత్రపిండాలను దెబ్బతీసే రాబ్డోమయొలిసిస్ నిజంగానే సంభవిస్తుంది. కారణం లేకుండా తొడలు, భుజాలు రెండువైపులా నొప్పెట్టి నీరసిస్తే వైద్యుడు సీకే అనే రక్తపరీక్ష చేయించి, మందును కొన్ని వారాలు ఆపి, తక్కువ మోతాదుతోనో మరో స్టాటిన్‌తోనో మళ్లీ మొదలుపెట్టవచ్చు. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, మరో మాత్ర వేసుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.