సార్, ఫోటోలు?

లిఫ్టులో, క్యాంటీన్లో, చేతులు కడుక్కునే కుళాయి దగ్గర, ఆఖరికి బయోమెట్రిక్ మిషన్ మీద వేలు పెట్టి అది నన్ను గుర్తుపట్టనని మొరాయిస్తున్నప్పుడు కూడా, వెనకనుంచి ఇదే ప్రశ్న. మిషను గుర్తుపట్టకపోయినా ఫోటోలు రావలసినవాళ్ళు మాత్రం నన్ను ఎంత దూరంనుంచైనా పట్టేస్తున్నారు.

పోయిన నెలాఖరు రిటైర్మెంట్ ఫంక్షన్ ఫోటోలు ఇంకా పంపలేదని వాళ్ళ కోపం. పంపాలంటే ఇంట్లో కంప్యూటరు తెరుచుకోవాలి కదా అని నా గోల. తెరుచుకోదని అనను. పొద్దున బటన్ నొక్కి, స్నానం చేసి, దీపం పెట్టి, ఉప్మా తిని వస్తే అప్పటికి తెరమీద కొండా చెరువూ కనిపిస్తాయి. ఇంకో కాఫీ తాగితే ఐకాన్లు ఒక్కొక్కటే నింపాదిగా వచ్చి కూర్చుంటాయి. అన్నీ వచ్చాక, ఇక మౌస్ పట్టుకుందాం అనుకునేసరికి మూలనుంచి ఒక చీటీ పైకి లేస్తుంది: డిస్కులో జాగా లేదు. ఈలోగా ఆఫీసుకి టైమైపోతుంది. అక్కడ లిఫ్టు దగ్గర మళ్ళీ అదే, "సార్, ఫోటోలు?"

నేను కెమెరా కొన్నది పక్షుల కోసం. అమీన్‌పూర్ చెరువు దగ్గర తెల్లారకముందే వెళ్ళి కూర్చుంటే లకుముకిపిట్టలు, అదృష్టం బాగుంటే రాజహంసలు కనిపిస్తాయని ఎవరో చెబితే, పీఎఫ్ లోను పెట్టి మరీ కొన్నాను. ఆ పొడుగు లెన్సుతో ఇప్పుడు శాలువాలు తీస్తున్నాను. ఫంక్షనుకి చందాలు వసూలు చేసినప్పుడు శాలువాకింత, ఫ్లెక్సీకింత, సమోసాలకింత, వెంకటేశ్వరస్వామి పటానికింత అని కాగితం మీద లెక్క రాస్తారు. ఫోటోల దగ్గరికొచ్చేసరికి "మనవాడున్నాడుగా" అంటారు. ఆ మనవాడి దగ్గర చందా మాత్రం మానరు. పక్షులే నయం. తీయించుకుంటాయి, ఎగిరిపోతాయి, మర్నాడు వచ్చి ఫోటోలేవని అడగవు.

నెలకొక ఫంక్షనైతే ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. ప్రాణం తీసేది మే, జూన్ నెలాఖర్లు. సర్కారు ఉద్యోగి ఏ నెలలో పుడితే ఆ నెల చివరి రోజున రిటైరవుతాడు. ఒకటో తారీఖున పుట్టినవాడైతే అంతకుముందు నెల చివరి రోజునే దిగిపోవాలి. ఇది రూలు. మా ఆఫీసులో జూన్ ఒకటినా, జూలై ఒకటినా పుట్టినవాళ్ళు ఎంతమందో చూస్తే, ఆ రోజుల్లో తెలుగునేల మీద మంత్రసానులు తక్కిన ఏడాదంతా సెలవు పెట్టారేమో అనిపిస్తుంది.

పుట్టించింది మంత్రసానులు కాదు, హెడ్మాస్టర్లు. జూన్‌లో బడి తెరిచేవారు. నాన్న పిల్లాణ్ణి రెక్కపట్టుకుని తీసుకొచ్చేవాడు. ఎప్పుడు పుట్టాడయ్యా అంటే, పెద్ద తుపానొచ్చిన ఏడు అనో, మా ఎర్రావు ఈనిన మూడోనాడనో చెప్పేవాడు. రిజిస్టరులో తుపానుకి గడి లేదు, ఆవుకి అసలే లేదు. అందుకని హెడ్మాస్టరు పిల్లాడి కుడిచెయ్యి తలమీదుగా తిప్పించి ఎడమచెవి అందుతుందో లేదో చూసేవాడు. అందితే అయిదేళ్ళు నిండినట్టు. వెనక్కి అయిదేళ్ళు లెక్కగట్టి, చేతికొచ్చిన ఒకటో తారీఖు వేసి సంతకం పెట్టేవాడు. అంతటితో ఆ జీవుడి జాతకం ఖాయం.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి, నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. 1968లో ఇద్దరు పిల్లలు ఒకే బడికి వెళ్ళారనుకుందాం. ఒకడి చెయ్యి పొడుగు, చెవి అందింది. ఇంకోడి చెయ్యి పొట్టి, అందలేదు. వాడు ఏడుస్తూ ఇంటికెళ్ళి, మరుసటి ఏడాది వచ్చి అందుకున్నాడు. ఇద్దరూ కలిసే పెరిగారు, ఒకే సర్వీస్ కమిషన్ పరీక్ష రాశారు, ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో చేరారు. పొడుగు చేతులవాడి రికార్డులో 1963 జూలై 1. అరవై ఒకటో ఏడు నిండిందని 2024 జూన్ 30న దండ వేసి పంపించేశాం. పొట్టి చేతులవాడు ఇంకో ఏడాది జీతం, డీఏ, పెరిగిన పెన్షనూ అన్నీ తీసుకున్నాడు. చదువు గొప్పతనం గురించి పెద్దలు చాలా చెప్పారు గాని, మోచేతి పొడవు గురించి ఎవరూ మనకు చెప్పలేదు. నాకు తెలిసి ఒకాయన బాగా పొడుగు. సన్మానంలో దండ వేయడానికి జూనియర్ అసిస్టెంటు స్టూలెక్కాల్సి వచ్చింది. ఆయన చిన్నప్పుడు కాస్త మోచెయ్యి వంచి ఉంటే ఈపాటికి సూపరింటెండెంటుగా దిగేవాడు కదా అని ఆ స్టూలు సీను తీస్తున్నంతసేపూ బాధపడ్డాను. ఫోటో కూడా కదిలిపోయింది.

పైన సర్కారు కూడా ఈ వయసుతో ఊరుకోలేదు. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం 58ని 55కి దించింది. వేలమంది ఒక్క దెబ్బన ఇంటికెళ్ళారు. రీలుకి ముప్ఫయ్యారు ఫోటోలే వచ్చే ఆ కాలంలో నాలాంటివాడు ఎవడైనా ఉంటే ఏమైపోయాడో. తరవాత మళ్ళీ 58 చేశారు. రాష్ట్రం విడిపోయాక అక్కడ ఆంధ్రలో 60, 2022 నుంచి 62. ఇక్కడ మాకు 2021 మార్చిలో 58 కాస్తా 61 అయింది. అంటే 2024 మార్చి దాకా, మూడేళ్ళపాటు, ఆ 58 లెక్కలో ఉన్న మాలాంటివాళ్ళలో వయసు మీరి రిటైరైన మనిషి తెలంగాణ సర్కారులో లేడు! నా ఫోటోగ్రఫీ జీవితంలో స్వర్ణయుగం అది. అమీన్‌పూర్ చెరువులో ప్రతి పిట్టా నన్ను పేరుపెట్టి పలకరించేంత స్నేహం కుదిరింది. ఆ తరవాత గేట్లెత్తారు.

ఫంక్షన్లో ఇంకో నరకం గ్రూపు ఫోటో. గ్రూపులో ఒక్కరూ కళ్ళు మూసుకోకుండా రావాలంటే ఎన్ని ఫోటోలు తీయాలో ఆస్ట్రేలియాలో పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ అనే ఇద్దరు లెక్కగట్టారు. 2006లో ఇగ్ నోబెల్ గణిత బహుమతి వాళ్ళకే. ఇరవైమంది లోపయితే, వెలుతురు బాగుంటే తలల సంఖ్యను మూడుతో, బాగోకపోతే రెండుతో భాగించమన్నారు. మా కాన్ఫరెన్స్ హాల్లో పాత చోకు ట్యూబులైట్లు. అవి సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతుంటాయి. షట్టరు వేగం పెంచితే ముఖ్య అతిథి మొహం మీద పసుపు పట్టీ పడుతుంది, తగ్గిస్తే శాలువా కప్పే చేతులు అలుక్కుపోతాయి. కాబట్టి నా భాగహారం ఎప్పుడూ రెండుతోనే. పద్దెనిమిదిమందికి తొమ్మిది. పాపం ఆ శాస్త్రవేత్తలకు మా ఆఫీసు తెలియదు. తొమ్మిదీ అయ్యాక ఒకాయన సమోసా నములుతూ వచ్చి "నేను లేను కదా, ఇంకోటి కొట్టు" అంటాడు. తరవాత మేడమ్స్ అంతా ఒకటి. సెక్షన్ల వారీగా ఒక్కొక్కటి. ఈ యూనియన్ వాళ్ళొకటి, ఆ యూనియన్ వాళ్ళు వీళ్ళతో నిలబడరు కాబట్టి వేరే ఒకటి.

కెమెరాలో ఒక్కో రా ఫైలు పాతిక ఎంబీ దాకా ఉంటుంది. ఇంట్లో హార్డ్ డిస్క్ పెట్టె మీద ఒక టీబీ అని ఉంది. లోపల చూస్తే 931 జీబీ. మోసమేమీ కాదట. తయారుచేసేవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కేస్తుంది. జీతం బిల్లులో గ్రాసుకీ నెట్టుకీ ఉన్న తేడాకి అలవాటు పడ్డ ప్రాణం కాబట్టి నేను గొడవ చేయలేదు. ఆ 931 నిండా ఇప్పుడు దండలే. ఇంత కష్టపడి, కళ్ళు తెరిచినవి ఏరి, పసుపు పట్టీలు దిద్ది ఫోన్ గ్రూపులో పెడితే, అక్కడది నలిగి ఏ నాలుగైదు వందల కేబీకో దిగుతుంది. చూసినవాడు "అంత పెద్ద కెమెరా ఎందుకు సార్, మావాడి ఫోన్లో ఇంతకంటే బాగా వస్తుంది" అంటాడు. మరి ఆ ఫోన్లో తీయించుకోవచ్చుగా! ఈ మాట పైకి అనలేదు. వచ్చే పీఆర్సీ బకాయిల బిల్లు ఆయన టేబుల్ మీదుగానే వెళ్ళాలి.

ఈమధ్య డిస్కు లోపలనుంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది. మా ఆవిడ గోడలో బల్లి అనుకుంది. "పోనీండి, మంచి శకునమే" అంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకి మోసుకెళ్ళాను. సందులో ఒక కొట్టు కుర్రాడు మూత కూడా విప్పకుండా, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అన్నాడు. చప్పుడొస్తోందంటే ఫార్మాట్. నెమ్మదిగా ఉందంటే ఫార్మాట్. ఇంకాసేపు నిలబడితే నాకే కొట్టేలా ఉన్నాడు. "లోపల ఫోటోలున్నాయి బాబూ" అంటే, "బ్యాకప్ లేదా సార్?" అని, ఇంటిమీద అప్పుందా అని అడిగినంత జాలిగా అడిగాడు. తరవాత అసలు సంగతి చెప్పాడు. ఇందులో ఉన్న విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సర్వీసు అయిపోయింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఈ బోర్డులో లేదు. కావాలంటే భద్రత మట్టుకు 2026 అక్టోబర్ దాకా, ఒక ఏడాది ఎక్స్‌టెన్షన్ ఇస్తారు.

ఎక్స్‌టెన్షన్! ఆ మాట విన్నాక కంప్యూటరు మీద గౌరవం పెరిగింది. మా ఆఫీసులో పెద్ద పెద్దవాళ్ళు హైదరాబాద్ అంతా తిరిగినా దొరకనిది దానికి అడిగితే చాలు దొరుకుతుందట. కొత్త ఎస్ఎస్‌డీ వేస్తానన్నాడు గాని, పాత డిస్కులోంచి ఎక్కించేముందు అక్కర్లేనివి తీసేస్తే పని త్వరగా అవుతుందన్నాడు. సరేనని ఇంటికి తెచ్చుకుని ఏరడం మొదలుపెట్టాను. కళ్ళు మూసినవి, కదిలినవి, సమోసా నోట్లో ఉన్నవి.

అలా ఏరుతుండగా ఫోన్. ఇన్‌వార్డ్ సెక్షన్లో పనిచేసి రిటైరైనాయన కొడుకు. ఆయన పోయారు. పేపర్లో వేయడానికీ, పటం కట్టించడానికీ ఒక ఫోటో కావాలి. "మీరే కదంకుల్ అన్నీ తీసేది" అన్నాడు. ఆయన ఫంక్షన్ ఫోల్డర్ తెరిచాను. బోలెడున్నాయి. పంపాను. కాసేపాగి మళ్ళీ చేశాడు. "దండ లేకుండా ఏదైనా ఉందా అంకుల్? పటానికి ఎలాగూ మేం వేస్తాం కదా, అందులో కూడా ఉంటే అమ్మ చూడలేకపోతోంది."

లేదు. మూడు దశాబ్దాలు ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, బొటనవేలు తడి స్పాంజికి అద్ది, వచ్చిన ప్రతి కాగితం మీదా తేదీ ముద్ర కొట్టిన మనిషి. ఆ ముద్ర చప్పుడు వింటూ నేను ఎన్ని ఫైళ్ళు రాశానో. కాని ఆ కుర్చీలో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఉండదు కూడా. మా ఆఫీసులో మామూలు రోజున కెమెరా బయటికి తీస్తే, ఏసీబీ వాళ్ళు పంపారేమోనని సగం సెక్షను టీకి వెళ్ళిపోతుంది. మనుషుల్ని తీయడానికి మాకు అనుమతి ఉన్నది వాళ్ళు వెళ్ళిపోయే రోజునే. ఆ రోజున వాళ్ళు వాళ్ళలా ఉండరు. కొత్త చొక్కా మడతలు విప్పకుండానే వేసుకుని, ఏడుపు ఆపుకుంటూ, ఎవరో రాసిన ఫ్లెక్సీ కింద బిగుసుకుని నిలబడతారు.

చివరికి దొరికింది, తీసేయడానికి ఏరిపెట్టినవాటిలో. వేరే ఎవరిదో ఫంక్షను. ముందు కళ్ళు మూసుకున్న ముఖ్య అతిథి. వెనకాల మూలన మా ఇన్‌వార్డ్ ఆయన, చేతిలో సమోసా ప్లేటు, పక్కవాడు ఏదో అంటే నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కొంచెం మసకగా ఉంది. కత్తిరించి, ప్లేటు కనపడకుండా సర్ది పంపాను. "ఇదే మా నాన్న" అని బదులొచ్చింది.

దాంతో ఏరడం ఆగిపోయింది. ఇప్పుడు ఏ ఫోటో మూలన ఎవరున్నారో చూడకుండా చెత్తబుట్టలో వేయలేను. అన్నీ ఉంచాలంటే ఇంకా పెద్ద డిస్కు కొనాలి. మొత్తం ఆఫీసు పనే కదా అని, స్టాఫ్ వెల్ఫేర్ నిధి నుంచి ఇప్పించమని నోట్ పెట్టాను. ఈ జూన్ నెలాఖరున దిగబోతున్న మా సూపరింటెండెంటు గారు దాన్ని రెండు ప్రశ్నలతో వెనక్కి పంపారు. సదరు కంప్యూటరు ప్రభుత్వానిదా, సొంతమా? మూడు కొటేషన్లు ఎందుకు జతపరచలేదు?

కింద పెన్సిలుతో, నోట్‌ఫైల్లో లెక్కకు రాకుండా, ఇంకో లైను కూడా ఉంది: "30న కెమెరా మర్చిపోవద్దు. మా అల్లుడు వాళ్ళు కూడా వస్తున్నారు."