జీఎస్ఎం తాతగారు

కాగితపు బొమ్మలకు కావలసిన దళసరి కాగితాన్ని ఎంచుకోవడం పిల్లల పని అనే అభిప్రాయం లోకంలో బలంగా పాతుకుపోయి ఉన్నప్పటికీ, నీటిపారుదల శాఖలోనో రోడ్లు భవనాల శాఖలోనో ముప్పై ఏళ్లకు పైగా టెండర్లు పిలిచి, వచ్చిన ప్రతి సిమెంటు బస్తానూ అనుమానించి, సన్మానపు శాలువాతో ఇంటికి చేరిన ఇంజనీరు తాతగారి చేతికి మూడో తరగతి మనవడి స్కూలు ప్రాజెక్టు చిక్కిన మరుక్షణం ఆ అభిప్రాయం రద్దయిపోతుంది. హైదరాబాదు, విజయవాడ అపార్టుమెంట్లలో విరివిగా కనిపించే ఈ వర్గపు పెద్దమనిషికి అప్పటివరకు కాగితంతో ఉన్న సంబంధం దాని మీద సంతకం పెట్టడం వరకే అయినా, ఆ నాటి నుంచి సంతకానికి పనికొచ్చే కాగితాలన్నీ ఆయనకు బలహీనమైనవిగా, నాసిరకంగా, పునాదికి పనికిరానివిగా తోచడం మొదలవుతుంది.

కార్డ్‌స్టాక్ అంటే రాసుకునే కాగితం కన్నా మందంగా, బైండింగు అట్ట కన్నా పలుచగా ఉండి, మడిస్తే మడత నిలిచేదీ, నిలబెడితే తనంతట తాను నిలిచేదీ అయిన కాగితం. దాని యోగ్యతను తెలిపే మొదటి కొలత జీఎస్ఎం, అనగా ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె; జిరాక్సు కాగితం 70, 80 దగ్గర ఉంటే, బొమ్మల పనికి వాడే కార్డ్‌స్టాక్ సుమారు 160 నుంచి 300 దాకా ఉంటుంది. ఈ అంకె బరువునే గాని మందాన్ని చెప్పదనీ, గట్టిగా నొక్కి నునుపు చేసిన కాగితం అంతే బరువుండే గరుకు కాగితం కన్నా పలుచగా ఉంటుందనీ తాతగారు తెలుసుకున్న రోజున ఇంట్లో భోజనం గంటన్నర ఆలస్యమవుతుంది, ఎందుకంటే ఆ విషయాన్ని ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి వివరిస్తారు.

అట్టకట్ట మీద అచ్చువేసిన అంకెను నమ్మడం ఆయన సర్వీసులోనే లేదు. ఏ0 కొలత కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు, ఏ4 అందులో పదహారో వంతు, కనుక పది ఏ4 షీట్లను తూచి వచ్చిన గ్రాములను 1.6తో హెచ్చిస్తే అసలు జీఎస్ఎం బయటపడుతుందన్నది ఆయన కనుగొన్న తనిఖీ పద్ధతి. దీనికి వాడే త్రాసు ఆవకాయ కాలంలో ఆవపిండి తూచడానికి ఇల్లాలు కొనుక్కున్నది. 180 అని అమ్మిన పది షీట్లు 112 గ్రాములకు పైన తూగాలి గదా, 100 దగ్గరే ఆగిపోతే సరుకు 160 అని తేలిపోతుంది, తాతగారి ముఖంలో పాత బిల్లును ఆపిన నాటి కళ మళ్లీ వస్తుంది.

కోఠీ ప్రాంతపు స్టేషనరీ దుకాణాలలో ఆయన రాకకు ఒక ప్రత్యేకమైన నిశ్శబ్దం ఉంటుంది. రంగు కార్డ్‌స్టాక్‌లో రెండు జాతులున్నాయి: గుజ్జులోనే రంగు కలిపి తయారు చేసినది అంచున కూడా అదే రంగులో ఉంటుంది, తెల్లకాగితం పైన రంగు పూసినది కోసిన చోటా మడిచిన చోటా లోపలి తెలుపును బయటపెడుతుంది. ఈ తేడా చూడటానికి మూల చింపడం కన్నా వేరే మార్గం లేదని తాతగారి నమ్మకం. "మంచి మందమే సార్, మీరే పట్టి చూడుండ్రి" అని దుకాణదారు చెప్పడం పూర్తయ్యేలోగా మూల చినిగిపోతుంది, చినిగిన షీటును కొనక తప్పదు, అలా కొన్న మూల లేని షీట్లు ఇంట్లో ఒక విభాగంగా పెరుగుతాయి. ఐవరీ షీటు, డ్రాయింగ్ షీటు, చార్టు అనే పేర్లతో సంతృప్తిపడే తక్కిన ప్రజానీకాన్ని ఆయన జాలితో చూస్తారు.

ఈ జ్ఞానానికి అమెరికా నుంచి ఒక దెబ్బ తగులుతుంది. తండ్రి ముచ్చట చూసి కొడుకు సూటుకేసులో రెండు ప్యాకెట్లు తెస్తాడు, రెండింటి మీదా 80 పౌండ్లు అనే ఉంటుంది, తీరా చూస్తే ఒకటి వంగిపోయే కాగితం, రెండోది నిటారుగా నిలిచే అట్ట. ఆ దేశంలో బరువును అయిదు వందల పూర్తి షీట్లకు లెక్కిస్తారు గాని, ఆ పూర్తి షీటు కొలత రకాన్ని బట్టి మారిపోతుంది; టెక్స్ట్ అనే రకానికి 25×38 అంగుళాలు, కవర్ అనే రకానికి 20×26 అంగుళాలు. కాబట్టి 80 పౌండ్ల టెక్స్ట్ సుమారు 118 జీఎస్ఎం, 80 పౌండ్ల కవర్ సుమారు 216 జీఎస్ఎం అవుతాయి. చంద్రుడి మీదికి మనుషులను పంపిన దేశం కాగితాన్ని ఇలా ఎందుకు తూస్తోందో తాతగారికి బోధపడదు, కొడుకు గ్రీన్‌కార్డు గురించి ఆయనకు మొదటిసారి సందేహం కలిగేది కూడా అప్పుడే.

ఇక ప్రాజెక్టు విషయానికి వస్తే, స్కూలువారు అడిగింది చార్మినార్ బొమ్మ, గడువు వచ్చే సోమవారం. 1591లో కట్టిన ఆ కట్టడం ఎత్తు సుమారు 56 మీటర్లు గనుక 1:200 స్కేలులో బొమ్మ 28 సెంటీమీటర్లు ఉంటుందనీ, ఏ4 షీటు పొడవు 29.7 సెంటీమీటర్లు గనుక ఒక్కో మినారు అతుకు లేకుండా వస్తుందనీ తాతగారు ఎస్టిమేటు వేస్తారు; మనవడు ఈలోగా నిద్రపోతాడు. గోడలకు 250, మినార్లకు 160 అన్న నిర్ణయం శాస్త్రసమ్మతమే, ఏలనంటే నిలబడవలసిన దానికి బిగువు, చుట్టవలసిన దానికి మెత్తదనం కావాలి. అయితే మొదటి మినారు చుట్టగానే గుండ్రంగా రావడానికి బదులు పలకలు పలకలుగా విరుగుతుంది, అక్కడే గ్రెయిన్ అనే కొత్త అధ్యాయం తెరుచుకుంటుంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జులోని నార ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే పరుచుకుంటుంది, ఆ దిశకే గ్రెయిన్ అని పేరు. నార వెంబడి మడిస్తే కాగితం సాఫీగా లొంగుతుంది, నారకు అడ్డంగా మడిస్తే మొరాయించి మడత పొడవునా పగుళ్లిస్తుంది. మినారు నిలువుకు నార సమాంతరంగా ఉండాలి, కాని పెద్ద షీట్లను ఎటు కలిసొస్తే అటు కోసి అమ్మే చోట ఏ4 ముక్కలో నార ఎటు నడుస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. షీటును విరగకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి, ఎటు తక్కువగా ఎదురు తిరిగితే నార అటు ఉన్నదని గ్రహించడమే పరీక్ష.

ఈ పరీక్ష తెలిసిన తాతగారితో పెళ్లిళ్లకు వెళ్లడం కష్టం, శుభలేఖ ఇంటికి రావడం ఇంకా కష్టం. ముహూర్తం, వేదిక, వధూవరుల పేర్లు చదవకముందే ఆయన దాన్ని రెండు వైపులా వంచి, గణపతి బొమ్మ మీదుగా పోయిన మడత పగిలి తెల్లగా కనిపిస్తున్నదనీ, నారకు అడ్డంగా మడిచిన ప్రెస్సువాడు కనీసం క్రీజింగ్ కూడా చేయలేదనీ ఎదుట కూర్చున్న పెళ్లికూతురి తండ్రికే తెలియజేస్తారు. క్రీజింగ్ అంటే మడత రావలసిన చోట ముందుగా గాడి నొక్కడం. ఇంట్లో అదే పనిని ఆయన సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్టీలు స్కేలు ఆనించి చేస్తారు. గాడికి వెనుక పక్క లేచే గట్టు మడత లోపలికి రావాలి, బయటికి వస్తే పై పొర అనవసరంగా సాగి చిట్లుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, సహజంగా అలాగే చేయబుద్ధవుతుంది కూడా. ఈ ఒక్క సంగతిలో మాత్రం తాతగారి చాదస్తాన్ని తప్పుపట్టడం అన్యాయం.

అతికించడం గురించి చెప్పవలసింది తక్కువ. తెల్ల ఫెవికాల్‌లో నీరుంటుంది, నీరు తాగిన నార పొడవునా కన్నా అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది, అందుకని జిగురును అగ్గిపుల్లతో పలుచగా రాయాలి, రెండు షీట్లను ఒకదానిపై ఒకటి అతికిస్తే రెండింటి నారా ఒకే దిశలో ఉండాలి. వానాకాలంలో గాలిలోని తేమకే షీట్లు వంకర తిరుగుతాయి గనుక తాతగారు వాటిని పాలిథీన్ కవరులో చుట్టి పరుపు కింద సమతలంగా భద్రపరుస్తారు. రాత్రి అటు తిరిగి పడుకున్నా ఇటు తిరిగి పడుకున్నా ఆ కవరు చప్పుడు చేస్తుంది, "ఏమండీ, ఆ గోడలు కాస్త హాల్లో కట్టుకోకూడదా?" అని ఇల్లాలు అడుగుతుంది. కాగితంలో పూరకంగా కలిపే సుద్ద, బంకమన్ను కత్తుల పదునును తినేస్తాయన్న నిజాన్ని ఆయన ఆమెకు చెప్పలేదు. బ్లౌజులు కుట్టే కత్తెర ఎందుకు మొద్దుబారిందో ఇంకా విచారణలోనే ఉంది.

సోమవారం నాడు చార్మినార్ స్కూలుకు వెళ్తుంది, నాలుగు మినార్లూ నిలువుగా, కమానులు పగులు లేకుండా, పక్కన స్కేలు, ఉపయోగించిన కాగితాల జీఎస్ఎం పట్టికతో సహా. పదికి ఆరు మార్కులు వస్తాయి. పది మార్కులు వచ్చింది చెప్పుల పెట్టెకు మెరుపు కాగితం అంటించి, పైన నాలుగు ఐస్‌క్రీం పుల్లలు నాటిన చార్మినార్‌కు. తాతగారు స్కూలుకు రెండు పేజీల లేఖ రాస్తారు, దాన్ని కోడలు దాచేస్తుంది.

తరువాతి ప్రాజెక్టు వ్యర్థాలతో ఏదైనా ఉపయోగకరమైన వస్తువు చేయడం. ఇంట్లో ఉన్న వ్యర్థాలు ప్రమాణాలకు తగినట్లు లేకపోవడంతో తాతగారు మంచి వ్యర్థాలు కొనడానికి మనవణ్ణి వెంటబెట్టుకుని మిఠాయి దుకాణానికి బయలుదేరుతారు. ఖాళీ పెట్టెలు అమ్మరు గనుక, డాక్టరు తీపి మానమన్నా, కిలో మైసూర్‌పాక్ కొనవలసి వస్తుంది. ఇంటికొచ్చి విప్పి చూస్తే ఆ పెట్టె డ్యూప్లెక్స్ బోర్డు, అంటే పైన తెల్లపూత, అడుగున పాత కాగితాల గుజ్జుతో చేసిన బూడిదరంగు పొర ఉండే అట్ట, కోసిన ప్రతి అంచునా ఆ బూడిదరంగు బయటపడుతుంది, పైగా మూతలో నార నడవవలసిన వైపు నడవలేదు. మరుసటి సాయంత్రం వేరే దుకాణం, అరకిలో కాజా. ఈ ప్రాజెక్టు విషయంలో మాత్రం మనవడు తాతయ్య పద్ధతిని పూర్తిగా సమర్థిస్తాడు. ఆ బజారులో ఇంకా మూడు మిఠాయి దుకాణాలున్నాయని వాడు ముందే లెక్కపెట్టుకున్నాడు.