ఇనపడతాందా సార్?

శ్రీశైలానికి సాధకులు కొత్త కాదు. లోకంతో తెగతెంపులు చేసుకోవాలనుకున్నవాళ్లు వందల ఏళ్లుగా నల్లమల ఎక్కుతూనే ఉన్నారు. సిద్ధులు, రసవాదులు, కదళీవనంలో తపస్సు చేసిందని చెప్పుకొనే అక్కమహాదేవి, అందరూ మనుషులకు అందకుండా పోవడానికే ఇక్కడికి వచ్చారు. 2020లో మాత్రం సరిగ్గా దీనికి ఎదురుదిక్కున సాధన చేసే శాల్తీ ఒకటి పుట్టుకొచ్చింది. లోకానికి ఎట్లాగైనా అందాలని కొండెక్కే శాల్తీ. మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ పడి, బడులూ కాలేజీలూ మూతపడి, చదువు సెల్‌ఫోన్లోకి కాపురం మార్చాక, మిద్దెల మీదా నీళ్ల ట్యాంకుల మీదా గుట్టల మీదా చెయ్యి ఆకాశానికెత్తి కనిపించిన ఈ కుర్రవాణ్ణి సిగ్నల్ సాధకుడు అందాం. సుండిపెంట కాలనీలో ఉన్నవాడి సాధన వేరు, దోర్నాల అడవిదారి పక్కన గూడెంలో ఉన్నవాడి సాధన వేరు. మొదటివాడికి సిగ్నల్ వచ్చి పోతుంటుంది, రెండోవాడు దాని కోసం వెళ్లి వస్తుంటాడు. జాతి మాత్రం ఒకటే. అప్పటికి శ్రీశైలం కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినంత సులువుగా టవరు మారదు.

వాణ్ణి గుర్తుపట్టడానికి పెద్ద విద్య అక్కర్లేదు. చంకలో నోటుబుక్కు, ఒక చెవిలో ఇయర్‌ఫోను. రెండోది ఎప్పుడో పాడైంది, అది మెడలో వేలాడుతుంటుంది. కుడిచేతిలో ఫోను, ఎడమచేతిలో కట్టె. కట్టె కోతుల కోసం. శ్రీశైలం కోతికి కొబ్బరిచిప్పకూ ఫోనుకూ పెద్ద తేడా తెలియదు. చినుకు పడితే ఫోను పాలిథిన్ కవర్లోకి దూరుతుంది, కవరు మీది నుంచే వేలు నడుస్తుంది. పిట్టగోడ మూల నుంచి ఎన్ని జానల దూరంలో రెండు గీతలు వస్తాయో, ఏ కొమ్మ అడ్డమొస్తే ఒకటే మిగులుతుందో వాడికి కంఠోపాఠం. సిగ్నల్ పోయినప్పుడల్లా ఫ్లైట్ మోడ్ వేసి తీస్తాడు. అది వాడి నిత్యానుష్ఠానం. శిఖరేశ్వరంలో నంది కొమ్ముల సందులోంచి గుడి శిఖరం కనబడితే మళ్లీ జన్మ ఉండదంటారు. పాపం వీడికి తెర మీద ‘రీకనెక్టింగ్’ అని పడిన ప్రతిసారీ ఒక జన్మ. గంట క్లాసులో పది జన్మలెత్తి, పదకొండోదానిలో “సార్, ఇనపడతాందా సార్?” అంటాడు. అప్పటికి సారు హోంవర్కు చెప్పేసి ఉంటారు.

ఈ మనిషిని చూసి నవ్వుకోవడం వరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఊరంతా వాణ్ణి దొంగ అనుకుంది. నెట్ లేదనేది చదువెగ్గొట్టడానికి దొరికిన కొత్త సాకు అని ఇంట్లో నాయన దగ్గర్నుంచి ఫోన్లో సారు దాకా తేల్చేశారు. నా వాదన వేరు. నల్లమల కొండల్లో సిగ్నల్ సాధకుడు చెప్పింది నూటికి తొంభై పాళ్లు నిజం. వాడికున్న లోపమల్లా ఆ నిజానికి అబద్ధపు పోలిక ఉండటమే.

నాయన వేసే అభియోగమే ముందు చూద్దాం, అదే అన్నిటికన్నా బలమైనది. “రాత్రి సినిమా చూస్తాంటే గడగడ వస్తాది, పొద్దున సదువుకైతే రాదు. ఏందిరా అది, సిగ్నలుకు కూడా సదువంటే బయమా?” వినడానికి తిరుగులేని ప్రశ్న. కానీ తప్పు ప్రశ్న. సినిమా ఎప్పుడో తీసి ఎక్కడో దాచిపెట్టిన సరుకు. సిగ్నల్ ఉన్న నిమిషంలో ఫోను ముందు ముందు రాబోయే సీన్లు కూడా లాగి పెట్టుకుంటుంది. తర్వాత కాసేపు సిగ్నల్ పోయినా హీరో ఆగడు, దాచుకున్నదాని మీద బతికేస్తాడు. క్లాసు అట్లా కాదు. సారు నోట్లోంచి ఇంకా రాని మాటను ముందే లాగి పెట్టుకోవడం ఏ ఫోను తరమూ కాదు. రెండు సెకన్లు తెగితే ఆ రెండు సెకన్ల పాఠం పోయినట్టే, సరిగ్గా ‘కాబట్టి’ అనే మాట అందులోనే ఉంటుంది. పైగా ఒక టవరు మోయగలిగినంతే మోస్తుంది. పొద్దున పదింటికి చుట్టుపక్కల పిల్లలంతా ఒకేసారి దాని మీద పడితే తలా చిటికెడే వస్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక మిగిలినవాడికి దండిగా దొరుకుతుంది. శివరాత్రికి శ్రీశైలం వచ్చినవాళ్లెవరైనా దీనికి సాక్ష్యం చెబుతారు. ఫోన్లో గీతలు నిండుగా ఉంటాయి, ఒక్క ఫొటో మాత్రం కదలదు. ఇక ముగ్గురు పిల్లల ఇంట్లో ఒకే ఫోను, దానికి రోజుకు ఒకటిన్నర జీబీ, గంట వీడియో క్లాసుకు అర జీబీ పైన ఖర్చు. ఈ లెక్క నాయన వేసి చూసుకుంటే కోపం కొంచెం తగ్గేది. రీచార్జి చేయించేది ఆయనే కాబట్టి పెరిగేదేమో కూడా.

సారు అభియోగం ఇంతకన్నా సున్నితమైనది. “నేను చెప్పేది ఇనపడతాందా అంటే చాట్‌లో ‘యెస్ సార్’ అని పెడ్తివి. ప్రశ్న అడిగితే మాత్రం మాట రాదే?” నిజమే, వినబడుతున్నవాడు పలకకపోతే ఎవరికైనా అనుమానమే. అయితే టవరు పదుల వాట్లతో అరుస్తుంది, చేతిలోని ఫోను వాటులో అయిదోవంతుతో గొణుగుతుంది. టవరుకు దూరంగా, మధ్యలో కొండా చెట్లూ అడ్డంగా ఉన్నచోట టవరు అరుపు ఫోనుకు చేరుతుంది గానీ ఫోను గొణుగుడు టవరుకు చేరదు. ఫోను మీది గీతలు చెప్పేది కూడా టవరు మనకెంత వినబడుతోందనే తప్ప, మనం టవరుకు ఎంత వినబడుతున్నామని కాదు. కాబట్టి రెండు గీతలు పెట్టుకుని, పాఠమంతా విని, జవాబు తెలిసి, గొంతు చించుకుని చెప్పి, అవతల మూగవాడి కింద జమైనవాళ్లు ఆ ఏడు నల్లమలలో కొల్లలు. చాట్‌లో పెట్టే రెండు ముక్కలు ఎంతో తేలిక, అవి ఎలాగో పాక్కుంటూ పోతాయి. గొంతు, ముఖం మోయడానికి దారి వెడల్పు కావాలి. ఇవేవీ తెలియని సారు “ఏమప్పా, మ్యూట్‌లో ఉండావు సూస్కో” అని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి ఆబ్సెంట్ వేశారు. సారును తప్పు పట్టలేం. ఆయనా వాళ్ల మిద్దె మీదే నిలబడి ఉండొచ్చు.

అయితే వాడు అబద్ధమే ఆడలేదా అంటే, ఆడాడు. నిక్షేపంగా ఆడాడు. ప్రశ్న తన వైపు వస్తుందనగానే నోరు సగం తెరిచి, కనురెప్ప వేయకుండా, నెట్ ఆగిపోయినప్పుడు ముఖం ఎట్లా బిగుసుకుంటుందో అట్లా బిగుసుకునే కళ వాడు సాధించాడు. ఆ ఏకాగ్రత పూర్వ సాధకులకు కూడా దుర్లభం. దొరికిపోవడానికి కారణం ఒకటే: వెనక ఫ్యాను తిరుగుతూనే ఉండేది. కానీ దొంగనోటు చెల్లేది అసలు నోటు చలామణీలో ఉన్నచోటే. సిగ్నల్ బాగా ఉన్న ఊళ్లో ఈ నాటకం వారం కూడా ఆడదు. ఇక్కడ నెలల తరబడి ఆడిందంటే, నిజంగా బిగుసుకుపోయిన ముఖాలు ఎన్ని ఉండేవో ఆలోచించాలి. ఫ్యాను చూసి ఒకణ్ణి పట్టుకోవడం తెలివే. ఆ లెక్కన ఫ్యానే లేని గూడెం పిల్లణ్ణి కూడా దొంగల్లో కలపడం తెలివి కాదు.

టీవీ ఉంది కదా అనేవాళ్లున్నారు. ఉంది. 2020 ఏప్రిల్‌లోనే దూరదర్శన్ సప్తగిరి ‘విద్యామృతం’ పేరుతో పదో తరగతి పాఠాలు మొదలుపెట్టింది. న్యాయంగా చెప్పాలంటే కొండల్లో అన్నిటికన్నా నమ్మకమైన మేష్టరు అదే. అది తెగదు, రీచార్జి అడగదు. ఒకటే ఇబ్బంది, సందేహం అడిగితే పలకదు. ఆ మాటకొస్తే సిగ్నల్ సాధకుడి సందేహం సారుకూ వినబడలేదు కాబట్టి ఈ విషయంలో ఇద్దరూ సమానమే. మరి టవరు వేయొచ్చు కదా అంటే, చుట్టూ ఉన్నది దేశంలోకెల్లా విస్తీర్ణంలో పెద్దదైన పులుల అభయారణ్యం. టవరుకు జాగా కావాలంటే అటవీ అనుమతి కావాలి, తిరగడానికి దారి, ఆడటానికి కరెంటు కావాలి. రాత్రి దోర్నాల దారిలో గేటు పడితే మరమ్మతు చేసేవాడూ ఆగాల్సిందే. పులి మీద నాకు ఫిర్యాదు లేదు, అది ఎవరి హాజరూ అడగలేదు. కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగి 149 రూపాయలకే ఇంటింటికీ నెట్ అన్న ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ప్రారంభించారు. ఆలోచన మంచిదే. అడవిలో గాలివానకు చెట్టు పడితే మాత్రం దీపమూ పాఠమూ ఒకేసారి ఆరిపోతాయి.

అసలు తగువు చదువు దగ్గర కాదు, హాజరు దగ్గర వచ్చింది. శ్రీశైలం యాత్రికుడు సాక్షి గణపతి దగ్గర ఆగకుండా పోడు. చేతిలో పుస్తకం, కలం పట్టుకుని, ఫలానావాడు వచ్చాడని ఆయన రాసుకుంటాడని నమ్మకం. ఆయన ‘వీడియో ఆన్ చెయ్’ అన్నట్టు ఎక్కడా వినలేదు, వచ్చినవాడు వచ్చినట్టే. ఆన్‌లైన్ క్లాసు అట్లా నమ్మదు. గుండ్రంగా తిరిగే చక్రాన్ని సాధకుడు స్క్రీన్‌షాట్ తీసి సాక్ష్యంగా పెట్టుకుంటాడు. ఆ సాక్ష్యం పంపాలంటే మళ్లీ సిగ్నల్ కావాలి. అది రాత్రి పదకొండింటికి చేరుతుంది, అప్పుడు సారు, “ఈ టైముకు నెట్ బాగానే ఉండాదే” అంటారు. జాతీయ నమూనా సర్వే 2017–18లో లెక్క తీస్తే దేశంలోని పల్లె ఇళ్లలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఆ లెక్క తెలిసిన దేశంలో, ‘నెట్ లేదు’ అన్న పిల్లవాడే రుజువు తేవాల్సి రావడం నాకు వింతగా తోస్తుంది. పరీక్షల దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వమే మెత్తబడింది. 2020 జూన్‌లో పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. మిద్దె మీద నిలబడ్డవాడూ, మిద్దె కింద పడుకున్నవాడూ ఒకే గాటన పడ్డారు. మొదటివాడికి ఆ అన్యాయం ఇప్పటికీ మింగుడు పడదు.

బడులు తెరిచాక వాడి విద్య వృథా పోయిందనుకుంటే పొరపాటు. ఇప్పుడు రేషన్ బియ్యానికి వేలిముద్ర, పింఛనుకు వేలిముద్ర. ఆ మిషను సిగ్నల్ లేక గుడ్లు తేలేస్తే డీలరు కేకేసేది వాణ్ణే. వాడు వచ్చి, మిషను అందుకుని, ఒకసారి కొండ వైపూ ఒకసారి చెట్టు వైపూ చూస్తాడు. క్యూలో ఉన్నవాళ్లంతా వాడి వెనకే కదులుతారు. “ఇంగొక రెండడుగులు ఇట్ల రా మామా. ఆ, ఆడనే నిలబడు. అవ్వా, ఇప్పుడు పెట్టు వేలు.”